యాభై దాటాక బ్యాలే మొదలుపెట్టాను. మీలో ఇంకెవరైనా ఉన్నారా?

గోదారిగట్టు, ఎడిసన్, న్యూజెర్సీ

అందరికీ నమస్కారం. నాకు 52. పుట్టి పెరిగింది రాజమండ్రి, ఇరవై మూడేళ్ళుగా ఇక్కడే ఉంటున్నాం. కిందటేడు సెప్టెంబరు నుంచి వారానికి రెండు సాయంత్రాలు బ్యాలే అనే పాశ్చాత్య నాట్యం క్లాసుకి వెళ్తున్నాను. చిన్నప్పుడు ఏ నాట్యమూ నేర్చుకోలేదు. స్కూల్లో వార్షికోత్సవానికి కోలాటంలో ఒకసారి నిలబడ్డాను, అంతే.

ఎందుకు మొదలుపెట్టానో చెప్తాను. రెండేళ్ళ క్రితం మా అమ్మ స్నానాలగదిలో జారిపడి తుంటి ఎముక విరగ్గొట్టుకుంది. ఆపరేషన్ అయ్యాక ఆరు వారాలు నేను అక్కడే ఉన్నాను. రోజూ ఫిజియోథెరపీ అబ్బాయి వచ్చి అమ్మని వాకర్ పట్టుకుని నిలబెట్టేవాడు. నిలబడటం అనేది మళ్ళీ నేర్చుకోవాల్సిన పని అవుతుందని నాకు అప్పటిదాకా తెలీదు. ఒకరోజు ఆవిడ పక్కనే నిలబడి నేనూ ఒక కాలు ఎత్తి చూశాను. నాలుగు సెకన్లు. మంచం పట్టీ పట్టుకోకపోతే పడిపోయేదాన్ని. ఆ రాత్రి నిద్ర పట్టలేదు.

తిరిగొచ్చాక ఆఫీసులో ఒకావిడ పెద్దవాళ్ళకి బిగినర్స్ బ్యాలే క్లాసు ఉందని చెప్పింది. ఆవిడకి 58. మొదటిరోజు లోపలికి వెళ్ళడానికే భయమేసింది. ఒక గోడంతా అద్దం, మిగతా గోడలకి నడుమెత్తున చెక్క కమ్మీ. దాన్ని బార్ అంటారు. క్లాసులో మొదటి సగం దాన్ని ఒక చేత్తో పట్టుకునే చేస్తాం. తర్వాత కమ్మీ వదిలి గది మధ్యలోకి వస్తాం. చివర్లో చిన్న చిన్న గెంతులు.

మొదటి నెలంతా తాందూ అనే ఒక్క పనితోనే గడిచింది. కాలు ముందుకి జార్చాలి, నేల వదలకూడదు. ముందు మడమ లేస్తుంది, తర్వాత పాదం మధ్య భాగం, చివరికి బొటనవేలి కొస ఒక్కటే నేలకి తగిలి ఉంటుంది. వెనక్కి తెచ్చేటప్పుడు ఇదంతా తిరగేసి చెయ్యాలి. వినడానికి ఇంతే. కానీ నా పాదం చెక్కపలకలా ఒకేసారి లేచి ఒకేసారి పడేది. టీచరుగారు నేలమీద కూర్చుని నా బొటనవేలి కింద తన వేలు పెట్టి, 'దీన్ని నేలలోకి నొక్కి, అప్పుడు వదులు' అన్నారు. ఆ వేలితో నేలని తోయొచ్చని నాకు 51 ఏళ్ళదాకా తెలీదు. అయిదో వారంలో ఒకరోజు, సాక్సు లోపల, వేళ్ళు ఒకదాని వెనక ఒకటి నేల వదలడం స్పష్టంగా తెలిసింది. కళ్ళల్లో నీళ్ళొచ్చాయి.

పది నెలలైంది. ఇప్పుడు ఒంటికాలి మీద అరనిమిషం నిలబడగలను. లాండ్రీ బుట్ట రెండు చేతుల్తో పట్టుకుని రెయిలింగ్ అవసరం లేకుండా మెట్లు దిగుతున్నాను. మొన్న జనవరిలో డ్రైవ్‌వే మీద మంచులో కాలు జారింది, పడలేదు. రెండో కాలు తనంతట తనే వచ్చి ఆపింది.

మీలో ఇంకెవరైనా పెద్దయ్యాక మొదలుపెట్టారా? మొదలుపెట్టాలని ఉండి ఆగిపోయారా? మాట్లాడుకుందాం.

కొండాపూర్ వాసి, హైదరాబాద్

అక్కా, చాలా బాగా రాశారు. నాకు 44, సాఫ్ట్‌వేర్. రోజుకి పది గంటలు కుర్చీలోనే. వంగి షూ లేసు కట్టుకుంటుంటే ఆయాసం వస్తోంది. మా పాప వెళ్ళే స్టూడియోలో పెద్దవాళ్ళకి ఆదివారం బ్యాలే పెట్టారు. మగవాళ్ళు వెళ్ళొచ్చా? ఆ టైట్స్ అవీ వేసుకోవాలా? మోకాళ్ళకి ఏమీ కాదు కదా?

లండన్ చలి, హారో

కొండాపూర్ తమ్ముడూ, నిరభ్యంతరంగా వెళ్ళు. అసలు బ్యాలే రాజుగారి కొలువులో మగవాళ్ళు చేసిన నాట్యం. ఫ్రాన్సులో 14వ లూయీ తనే నాట్యగాడు, 1661లో నాట్యానికి ఒక అకాడమీ పెట్టించాడు. అందుకే ఇప్పటికీ పేర్లన్నీ ఫ్రెంచివే. టైట్స్ ఎవరూ అడగరు. ట్రాక్ ప్యాంటు, ఒంటికి పట్టి ఉండే టీషర్టు చాలు. బట్టలు మరీ వదులుగా ఉంటే మోకాలు ఎటు వంగుతోందో టీచరుకి కనబడదు, అందుకని.

నాకు 61. నేను వెళ్ళేది సిల్వర్ స్వాన్స్ క్లాసుకి. రాయల్ అకాడమీ ఆఫ్ డాన్స్ అని 1920 నుంచీ ఉన్న సంస్థ, 55 దాటినవాళ్ళ కోసం 2017లో దీన్ని మొదలుపెట్టింది. మాది చర్చి హాల్లో మంగళవారం పొద్దున. పద్నాలుగు మందిమి. అందరికన్నా పెద్దావిడకి 83. ఆవిడ గెంతదు. మేం గెంతుతున్నప్పుడు ఆవిడ బార్ పట్టుకుని మునివేళ్ళ మీదకి లేచి దిగుతుంది, అదే తాళానికి. ఎవరి ఒంటికి తగ్గట్టు వాళ్ళకి అడుగు మార్చి ఇవ్వడం ఆ టీచర్లకి ప్రత్యేకంగా నేర్పిస్తారు.

వయసు సంగతి అంటారా, ఇంగ్లీషు బ్యాలే నర్తకి మార్గోట్ ఫాంటెయిన్ 1962లో ఇక్కడే కోవెంట్ గార్డెన్‌లో రష్యా నాట్యగాడు నురియెవ్‌తో 'జిసెల్' అనే బ్యాలే ఆడినప్పుడు ఆవిడకి 42, అతనికి 23. అందరూ ఇక ఆవిడ పనైపోయిందనుకున్న సమయంలో అక్కణ్ణుంచి ఇంకో జీవితం మొదలైంది. ఇటలీ నర్తకి అలెస్సాండ్రా ఫెర్రీ 2007లో విరమించి, మళ్ళీ వచ్చి, 53 ఏళ్ళ వయసులో న్యూయార్క్‌లో జూలియెట్ ఆడింది. వాళ్ళు పసితనం నుంచీ సాధన చేసినవాళ్ళు, మనతో పోలిక లేదు. కానీ యాభైలో ఉన్న శరీరం ఏం చెయ్యగలదో చూపించారు. నాకు అది చాలు.

సందేహం ఉంది, గుంటూరు

అందరికీ గౌరవంతోనే అడుగుతున్నాను. మనకి కూచిపూడి ఉంది, భరతనాట్యం ఉంది, యోగా ఉంది. వాటిని వదిలేసి బ్యాలే ఎందుకు? మన పిల్లలే మన కళలకి దూరమవుతున్నారని బాధపడుతుంటే, పెద్దవాళ్ళూ అటే వెళ్తే ఎలా?

అరమండి, విజయవాడ

పై ప్రశ్నకి జవాబు చెప్పే బాధ్యత నాకుంది అనుకుంటున్నాను. నేను కూచిపూడి టీచర్ని. వయసు 49. నలభై ఏళ్ళుగా ఇదే నా ప్రాణం.

ముందు చరిత్రలోంచి ఒక్క మాట. రుక్మిణీదేవి అరండేల్ గారు మొదట నేర్చుకున్నది బ్యాలే. 1928లో రష్యా బ్యాలే నర్తకి అన్నా పావ్లోవాతో పరిచయమైంది, ఓడ ప్రయాణంలో స్నేహం పెరిగింది. పావ్లోవా బృందంలోని క్లియో నార్డీ దగ్గర పాఠాలు చెప్పించుకున్నారు. 'మీ దేశపు నాట్యం వెతుక్కో' అన్న అర్థంలో పావ్లోవాయే ఆవిడకి సలహా ఇచ్చింది. ఆ తర్వాతే ఆవిడ పందనల్లూరు మీనాక్షిసుందరం పిళ్ళై గారి దగ్గర భరతనాట్యం నేర్చుకుని, 1935లో అడయారులో మొదటి ప్రదర్శన ఇచ్చారు. 1904లో పుట్టినావిడ, అప్పటికి 31 ఏళ్ళు. ఆ మరుసటేడు కళాక్షేత్ర నాట్య పాఠశాల పెట్టారు. అంటే, పెద్దయ్యాక మొదలుపెట్టడం, బ్యాలే మీదుగా మన నాట్యానికి రావడం, రెండూ ఆవిడ చేసినవే. ఒకటి నేర్చుకుంటే ఇంకొకటి పోదు.

ఇక ఒంటి సంగతి. మన అరమండీ (మోకాళ్ళు పక్కలకి వంచి సగం కూర్చునే భంగిమ), వాళ్ళ ప్లియే (మోకాళ్ళు వంచడం) చూడ్డానికి అక్కచెల్లెళ్ళు. రెండింట్లోనూ తొడలు బయటికి తిరగాలి, వెన్ను నిటారుగా ఉండాలి, మోకాలు పాదం వేళ్ళ దిక్కుకే వంగాలి. తేడా ఏమిటంటే, మనం అరమండిలో కూర్చుని అక్కడే ఉండి అడుగులు వేస్తాం, నేలని గట్టిగా తట్టి శబ్దం రాబడతాం. గజ్జెలు పలకాలి కదా. వాళ్ళు వంగి లేస్తారు, గెంతి దిగినప్పుడు శబ్దం రాకూడదు. మునివేళ్ళు, పాదం, మడమ అన్న వరసలో నేలని తాకి ప్లియేలో ఆగుతారు. మన బరువు భూమిలోకి వెళ్తుంది, వాళ్ళది పైకి లాగినట్టు ఉంటుంది.

యాభై ఏళ్ళ వయసులో కొత్తగా వచ్చిన శిష్యురాలికి నేను మొదటి ఆర్నెల్లు గట్టి తట్టులు ఇవ్వను. చిన్నప్పుడు మాకు సిమెంటు నేల మీదే నేర్పారు. మా తరంలో చాలామందికి నలభై దాటేసరికి మోకాళ్ళు, మడమలు పట్టేశాయి. నాకూ ఎడమ మోకాలు అలాగే పోయింది. నేర్పినవాళ్ళని తప్పుపట్టను, వాళ్ళకి తెలిసింది వాళ్ళు ఇచ్చారు. బ్యాలే స్టూడియోల్లో కింద కాస్త కుంగి లేచే చెక్క నేల వేస్తారు. అది మన నాట్య పాఠశాలల్లో కూడా ఉండాలని నేను పదేళ్ళుగా చెప్తున్నాను.

మా శిష్యురాలు ఒకమ్మాయి సిడ్నీలో బ్యాలే నేర్చుకుని సెలవులకి వచ్చినప్పుడు నాకు బార్ పద్ధతి చూపించింది. ఇప్పుడు నా పెద్ద శిష్యురాళ్ళందరికీ నాట్యానికి ముందు పదిహేను నిమిషాలు అదే చేయిస్తున్నాను. కిటికీ పట్టుకుని తాందూ, ప్లియే, మడమలెత్తడం. తర్వాత అడవులు, అంటే మన నాట్యంలోని మూల అడుగులు. నా మోకాలు కూడా అప్పట్నుంచే తేలికపడింది.

గుంటూరు వారూ, మీ ఊళ్ళో మంచి గురువు దొరికితే కూచిపూడికే వెళ్ళండి, నేనే సంతోషిస్తాను. న్యూజెర్సీలో ఇంటి పక్కన బ్యాలే దొరికినావిడని ఆపకండి.

సందేహం ఉంది, గుంటూరు

రుక్మిణీదేవి గారి సంగతి నాకు తెలీదు. ధన్యవాదాలు అమ్మా. మా ఆవిడకి ఇది చదివి వినిపించాను. తనకి 50. నేర్చుకుంటానంటోంది, ఏది అన్నది ఇంకా తేల్చుకోలేదు.

ఫిజియో, విశాఖ

నేను ఫిజియోథెరపిస్టుని. ఇక్కడ వయసు మీద పడ్డవాళ్ళే ఎక్కువ కాబట్టి కొంచెం వివరంగా రాస్తాను.

గోదారిగట్టు గారు చెప్పిన నాలుగు సెకన్ల సంగతి చిన్న విషయం కాదు. 2022లో బ్రెజిల్ పరిశోధకులు 51 నుంచి 75 ఏళ్ళ వయసున్న 1,702 మందిని ఒంటికాలి మీద పది సెకన్లు నిలబడమన్నారు. అయిదుగురిలో ఒకరు నిలబడలేకపోయారు. తర్వాతి ఏళ్ళలో వాళ్ళలో మరణాలు ఎక్కువగా కనిపించాయి. ఒంటికాలి మీద నిలబడలేకపోవడమే చంపుతుందని కాదు దీని అర్థం. బలం, చూపు, నరాలు, లోపలి చెవి అన్నీ కలిసి పనిచేస్తేనే నిలబడగలం, వాటిలో ఏది తగ్గినా అక్కడ బయటపడుతుంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ కూడా 65 దాటినవాళ్ళు వారానికి మూడు రోజులైనా బ్యాలెన్సు, బలం పెంచే వ్యాయామం చెయ్యాలంటోంది. మన దగ్గర డాక్టర్లు 'వాకింగ్ చెయ్యండి' అని పంపించేస్తారు. వాకింగ్ మంచిదే, కానీ ఒక్కటే చాలదు. సాఫీగా ఉన్న రోడ్డు మీద ఒకే దిక్కుకి నడిస్తే పక్కకి తూలినప్పుడు ఆపుకునే శక్తి రాదు. బ్యాలేలో కాలు ముందుకి, పక్కకి, వెనక్కి వెళ్తుంది, నిలబడ్డ కాలు ఆ బరువంతా మోస్తుంది. లాభం ఎక్కువగా ఆ నిలబడ్డ కాలికే.

కొండాపూర్ గారి మోకాళ్ళ ప్రశ్న. పాదాలు బయటికి తిప్పి నిలబడటం తుంటి కీలులోంచి రావాలి. అది ఎంత తిరుగుతుందన్నది ఎముక ఆకారాన్ని బట్టి ఉంటుంది, ఒక్కొక్కరికి ఒక్కో హద్దు. తుంటి తిరగకుండా పాదాన్ని బలవంతాన తిప్పి నేలమీద ఆనిస్తే ఆ మెలి మోకాలి మీద పడుతుంది. అద్దంలో పక్కవాళ్ళని చూసి తిప్పకండి. గడియారంలో పదీ, రెండూ అంకెలు ఉన్నట్టు పాదాలు పెట్టుకుంటే మొదట్లో చాలు. వంగినప్పుడు మోకాలు రెండో వేలి మీదకి వస్తోందా లేదా అని చూసుకోండి.

ఎముకలు గుల్లబారాయని స్కాన్‌లో వచ్చినవాళ్ళు గెంతులూ, వీపు గుండ్రంగా చేసి ముందుకి వంగడాలూ డాక్టర్ని అడగకుండా చెయ్యొద్దు. షుగర్ ఉన్నవాళ్ళు క్లాసయ్యాక అరికాళ్ళు చూసుకోవాలి, స్పర్శ తగ్గితే పుండు పడినా తెలీదు. కళ్ళు తిరిగే జబ్బు ఉంటే గిరికీలు వద్దు. తుంటి మార్పిడి అయినవాళ్ళు ఏ కదలికలు చెయ్యకూడదో ఆపరేషన్ చేసిన డాక్టరే చెప్పాలి.

మల్లెపందిరి, డల్లాస్

ఫిజియో గారు చెప్పినదానికి నా అనుభవం కలుపుతాను. నాకు 46. నాకు చిన్నప్పట్నుంచీ బ్యాలే అంటే మునివేళ్ళ మీద నిలబడే ఆ గులాబీ రంగు శాటిన్ షూసే. రెండేళ్ళ క్రితం చేరినచోట ఎనిమిది నెలలకే వాటిని కొనుక్కోమన్నారు. నేనూ ఎగిరి గంతేశాను. షూ ముందు భాగంలో గుడ్డా, జిగురూ పొరలు పొరలుగా వేసి గట్టిపరచిన డబ్బా లాంటిది ఉంటుంది, అరికాలి కింద గట్టి అట్ట ఉంటుంది. ఒంటి బరువంతా ఆ చిన్న చదును మీద నిలుస్తుంది. నా చీలమండలకి ఇంకా ఆ బలం రాలేదు. మూడో నెలలో కుడి పాదం పైన నొప్పి మొదలైంది. ఓర్చుకుంటే తగ్గుతుందన్నారు. తగ్గలేదు. ఎముక సన్నగా చిట్లిందని ఎమ్మారైలో తేలింది. ఎనిమిది వారాలు పాదం కదలకుండా ఉంచే గట్టి బూటు.

ఇప్పుడు వేరేచోట మెత్తటి కాన్వాస్ చెప్పులతోనే చేస్తున్నాను. ఈ టీచరు మొదటిరోజే ఒక కాలి మీద మడమ ఎన్నిసార్లు ఎత్తగలనో లెక్కపెట్టించారు. తొమ్మిది. పాతిక దాకా రానీ, అప్పుడు ఆలోచిద్దాం అన్నారు. పదిహేడు దగ్గర ఉన్నాను. ఆ షూస్ ఎప్పటికీ వేసుకోకపోయినా నాకు దిగుల్లేదు. కానీ కొత్తగా చేరేవాళ్ళు దయచేసి తొందరపడకండి, తొందరపెట్టే చోట ఉండకండి.

గోదారిగట్టు, ఎడిసన్, న్యూజెర్సీ

మల్లెపందిరి గారూ, చదువుతుంటే నా పాదమే నొప్పెట్టింది. మీరు మళ్ళీ వెళ్ళారు చూడండి, అది గొప్ప సంగతి.

ఫిజియో గారూ, నిలబడ్డ కాలి గురించి మీరన్నది నేను ప్రింటు తీసి ఫ్రిజ్ మీద అంటించాను. ఇన్నాళ్ళూ ఎత్తిన కాలు ఎంత పైకి వెళ్ళిందా అని చూసుకుంటున్నాను. ఆ సాయంత్రం క్లాసులో చూపంతా కింది కాలి మీద పెట్టాను. కమ్మీ మీద చెయ్యి దానంతటదే తేలికైంది. చివరికి ఒక వేలు మాత్రం ఆనించి ఉంచాను.

ఇంకొకటి. బుర్రకి పడే పని గురించి ఎవరూ రాయలేదు. టీచరుగారు ఒక వరస ఒక్కసారే చూపిస్తారు, వెంటనే సంగీతం మొదలవుతుంది, కుడివైపు చేసినదాన్ని ఎడమవైపు తిరగేసి చెయ్యాలి. మొదట్లో నాలుగు అడుగులు కూడా గుర్తుండేవి కాదు. ఇప్పుడు పదహారు గుర్తుంటున్నాయి. ఆ గంటన్నరలో ఆఫీసు టెన్షన్ ఒక్క క్షణం కూడా తలలోకి రాదు, దానికి చోటు ఉండదు.

హడ్సన్ ఒడ్డు, జెర్సీ సిటీ

మా నాన్నగారికి 74, పార్కిన్సన్స్. బ్రూక్లిన్‌లో మార్క్ మారిస్ నాట్యబృందం వాళ్ళు 2001 నుంచీ పార్కిన్సన్స్ ఉన్నవాళ్ళకి నాట్యం క్లాసులు నడుపుతున్నారు. నాన్నగారు ఇక్కడికి వచ్చినప్పుడు తీసుకెళ్ళాను. మొదటి భాగం కుర్చీలో కూర్చునే, తర్వాత బార్ పట్టుకుని. గుమ్మం దగ్గర అడుగు పడక ఆగిపోయే మనిషి, పియానో మొదలవగానే గదికి అడ్డంగా నడిచారు. జబ్బు నయమవుతుందని ఎవరూ చెప్పలేదు, మేమూ అనుకోలేదు. ఆ గంట ఆయన మొహంలో పేషెంటు కనబడలేదు.

కొండాపూర్ వాసి, హైదరాబాద్

వెళ్ళాను! ఆరుగురం, మగవాళ్ళం ఇద్దరం. ఎవరూ వింతగా చూడలేదు. పది, రెండు లెక్కన పాదాలు పెట్టాను, మోకాలు నొప్పి లేదు. మర్నాడు మాత్రం పిక్కలు, లోతొడలు పట్టేసి లిఫ్ట్ లేకుండా కదల్లేకపోయాను. క్లాసు చివర రెవరాన్స్ అని టీచరుకీ, సంగీతానికీ వంగి నమస్కారం పెట్టిస్తారట. మా పాప ఇంటికొచ్చి నా చెయ్యి సరిచేసింది: 'నాన్నా, మోచెయ్యి పడిపోతోంది, పైకి.' నెలకి డబ్బులు కట్టేశాను.

అరమండి, విజయవాడ

మన దగ్గర కూడా నాట్యం అయ్యాక భూమికి నమస్కారం పెడతాం బాబూ, తట్టినందుకు క్షమించమని. మర్నాడు నొప్పులు మామూలే, గోరువెచ్చటి నీళ్ళు పోసుకుని కాస్త నడువు. నొప్పి కీలులో ఉంటే మాత్రం ఆగి కనుక్కో.

గోదారిగట్టు, ఎడిసన్, న్యూజెర్సీ

మూడు నెలల తర్వాత రాస్తున్నాను. దసరాకి రాజమండ్రి వెళ్ళొచ్చాను.

అమ్మకి ఇప్పుడు 79. వాకర్ వదిలి చేతికర్రతో నడుస్తోంది. అయినా హాలు దాటి పెరట్లోకి వెళ్ళడానికి భయం. పడతానేమోనని కాళ్ళు నేలకి రాసుకుంటూ నడుస్తుంది. ఈ చర్చలో చదివినవన్నీ మనసులో పెట్టుకుని ఆవిడ ఫిజియో అబ్బాయితో మాట్లాడాను. ఏవి చెయ్యొచ్చో, ఏవి వద్దో రాసిచ్చాడు. కాలు అడ్డంగా దాటించొద్దు, లోతుగా వంగొద్దు, వెనక కుర్చీ ఉండాలి, పక్కన ఒక మనిషి ఉండాలి.

వీధి గదిలో పాతకాలపు కిటికీ ఉంది. చువ్వలు సరిగ్గా అమ్మ చేతికి అందే ఎత్తు. పొద్దున కాఫీ అయ్యాక అక్కడ నిలబడేవాళ్ళం. తాందూ అనలేదు, 'వేలితో ముగ్గు గీత గియ్యమ్మా' అన్నాను. వెంటనే అర్థమైంది ఆవిడకి. అరవయ్యేళ్ళు వాకిట్లో ముగ్గు పెట్టిన మనిషి. కాలి బొటనవేలితో గచ్చు మీద ముందుకొక గీత, పక్కకొక గీత. మొదటి రెండు రోజులూ పాదం మొత్తం ఒకేసారి జరిగింది, నాది జరిగినట్టే. మూడోరోజు నేను కింద కూర్చుని వేలి కింద వేలు పెట్టాను.

తిరిగొచ్చాక వారానికి మూడు రోజులు వీడియో కాల్‌లో చేస్తున్నాం. అక్కడ మా వదిన పక్కన నిలబడుతుంది. ఇక్కడ నేను వంటింటి గట్టు పట్టుకుంటాను. నిన్న మడమలెత్తడం చేశాం. ఇక్కడి క్లాసు అలవాటులో నేను ఫైవ్, సిక్స్, సెవెన్, ఎయిట్ అని ఎత్తుకున్నాను. అమ్మ ఆగమంది. కళ్ళంలో కుంచంతో ధాన్యం కొలిచేటప్పుడు మా తాతగారు లెక్కపెట్టినట్టు తనే మొదలుపెట్టింది, ఒకటి అనకుండా: 'లాభం... రెండు... మూడు...'

పన్నెండు దాకా వెళ్ళింది. వదిన కుర్చీ ముందుకి జరిపింది. అమ్మ చువ్వ వదలకుండా, 'ఉండవే, రెండో కాలు మిగిలింది' అంది.